ఇరవై నాలుగు గంటల ఆపరేషన్

నాకు అనుమానం రోగం ఉందని మా ఇంట్లో అందరూ అంటారు. నేను ఒప్పుకోను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో పదమూడేళ్లుగా పనిచేస్తున్నదాన్ని నేను. చీర సంచిలో పెట్టుకొచ్చి జాకెట్ గుడ్డ అడిగేవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఒక్కటే: "గుడ్డ వట్టుకొని బయటికి పోయి ఎండల జూసుకో అక్కా." ట్యూబ్‌లైట్ కింద ముదురు ఆకుపచ్చా, నెమలికంఠం రంగూ ఒక్కలాగే ఉంటాయి. గడప దాటితే దేని రంగు దానిదే. ఈ పద్ధతి మా సేఠ్‌కు నచ్చదు. కానీ నా దగ్గర కొన్నవాళ్లు గుడ్డ మార్చుకోవడానికి రారు, ఇంకో చీర పట్టుకొని వస్తారు. అందుకని ఏమీ అనడు. ఇది రోగమైతే ఊళ్లో సగం మందికి ఉండాల్సింది.

అసలు రోగం వేరే ఉంది. పెద్దపేగులో పుండ్లు పడతాయి. అల్సరేటివ్ కొలైటిస్ అని దాని పేరు. తొమ్మిదేళ్ల కింద నెత్తురు పడడం మొదలైనప్పుడు మొలలనుకొని రెండు నెలలు ముల్లంగి రసం తాగాను. తగ్గకపోతే ఎల్బీ నగర్‌లో పేగుల డాక్టరు దగ్గరికి చేరాను. ఆయన గోదావరి వైపు మనిషి. ప్రతి మాటకూ అండీ, అమ్మా తగిలిస్తాడు. మా నల్లగొండ వైపు ఎవరైనా అంత మర్యాదగా మాట్లాడితే ఓటు అడగడానికి వచ్చాడనుకుంటాం. అయినా ఆయన మందులకే నెత్తురు ఆగింది. కాబట్టి ఆయన్ను సగం నమ్మాను. మిగతా సగం నా దగ్గరే ఉంచుకున్నాను.

ఈ జబ్బు ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకు పేగును అప్పుడప్పుడూ కెమెరా గొట్టంతో చూస్తుండాలట. పోయిన ఎండాకాలం ఆ పరీక్షకు వెళ్లాను. మత్తు దిగాక డాక్టరు వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"పుండ్లన్నీ మానాయమ్మా. పేగు చక్కగా ఉంది," అన్నాడు. నేను చెప్పుల కోసం వెతుక్కుంటున్నాను. "ఒక్క విషయమండీ. అపెండిక్స్ నోటి దగ్గర ఉబ్బుగా ఉంది. లోపల్నుంచి జిగురు వస్తోంది. ఒకసారి సీటీ స్కాన్ తీయిద్దాం."

కుచ్చిళ్ల పక్కన, కుడివైపు పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకున్నాను. అక్కడ నాలుగు వేళ్ల పొడుగున కుట్ల మచ్చ ఉంది. నా అపెండిక్స్ నా పద్నాలుగో ఏటే తీసేశారు.

మా వైపు దాన్ని అపెండిక్స్ అని ఎవరూ అనేవాళ్లు కాదు. ఇరవై నాలుగు గంటల నొప్పి అనేవాళ్లు. నొప్పి మొదలయ్యాక ఇరవై నాలుగు గంటల్లో కోసి తీయకపోతే లోపల పగిలి మనిషి దక్కదని నమ్మకం. ఆపరేషన్‌కూ అదే పేరు. "ఫలానోళ్ల పిల్లకు ఇరవై నాలుగు గంటలది చేసిండ్రట" అంటే ఊరంతటికీ అర్థమైపోయేది. నాకు బడిగంట కొట్టే వేళకు నొప్పి మొదలైంది. ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు కడుపు నొక్కి చూసి, తర్వాత చేతి గడియారం చూసి, "రేపు బడిగంట లోపట కొయ్యాలె" అని తేల్చేశాడు. నాన్న పత్తి లారీ వెంట గుంటూరు పోయి ఉన్నాడు. అమ్మ ఒక్కతే నన్ను జీపులో వేసుకొని నల్లగొండకు తీసుకుపోయింది. తిరిగొచ్చాక బడిలో ఆడపిల్లలంతా వరుసగా వచ్చి నా మచ్చ చూసిపోయారు. కొన్నాళ్లు బడికి నేనే రాణిని. ఆ తర్వాత ఏ దవాఖానలో "ఇంతకుముందు ఆపరేషన్ ఏమైనా అయిందా" అని అడిగినా, అపెండిక్స్ అని టక్కున చెప్పేదాన్ని.

ఈ డాక్టరుకూ చెప్పాను. తొమ్మిదేళ్ల కింద ఆయనే తన చేత్తో నా ఫైలు మొదటి పేజీలో రాసుకున్నాడు. ఇప్పుడు లేని అపెండిక్స్‌లో ఉబ్బేమిటి? ఫైలు తెరిచి చూడలేదన్నమాట. వచ్చిన ప్రతివాళ్లకూ ఇదే పాట పాడుతున్నాడన్నమాట. సరే, ఎంత దూరం పోతాడో చూద్దామని నోరు మూసుకొని స్కానింగ్‌కు వెళ్లాను.

రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. నా ఇంగ్లీషు గుడ్డల తానుల మీద రాతల వరకే. ఒక్కొక్క మాటా ఫోన్‌లో కొట్టి అర్థం చూసుకున్నాను. అపెండిక్స్ ఉబ్బి ఉంది, లోపల జిగురు నిండి ఉంది, దాని పేరు మ్యూకోసీల్. ఆ కిందెక్కడో ఇంకో వాక్యం ఉంది. కుడి అండాశయం కనిపించలేదు.

అది చదివేసరికి నాకు నవ్వాగలేదు. లేనిదాన్ని ఉందన్నారు, ఉన్నదాన్ని లేదన్నారు. ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని నేను, అదీ ఒక్క కోత లేకుండా. ఈ రిపోర్టు నాది కానే కాదు. ఏ తల్లిదో తీసి నా కవర్లో పెట్టారు. లేదా ఒకటే రిపోర్టు తయారు చేసుకొని పేర్లు మార్చి అందరికీ ఇస్తున్నారు. ఆ రెండోది తలచుకున్నప్పుడు నా ఒళ్లు మండింది.

మా ఆయన ఆర్టీసీ డ్రైవరు, సూర్యాపేట బండి నడుపుతాడు. సాయంత్రం డ్యూటీ దిగి కాళ్లు కడుక్కుంటుంటే చెప్పాను. మామూలుగా నా అనుమానాలకు ఆయన నవ్వుతాడు. ఆ రోజు నవ్వలేదు.

"లేనిదాంట్ల గడ్డెట్ల ఉంటదే?" అన్నాడు.

"నేననేది గూడ గదే."

"ఇగ ఆ దవాఖాన గడప తొక్కకు."

ఆ వారమంతా మా ఇంట్లో నా మాటకు ఎన్నడూ లేని విలువ వచ్చింది. నా పిల్లలిద్దరూ కాలేజీకి పోతారు, నేను చెప్పింది చెవిన వేసుకునే రకం కాదు. వాళ్లు కూడా, "మమ్మీ చెప్పింది కరెక్టే" అన్నారు. ఇన్నేళ్ల నా అనుమానానికి సాక్ష్యం దొరికింది, అదీ నా ఒంటి మీదే. సంతోషంగా ఉండింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

అమ్మ అబ్దుల్లాపూర్‌మెట్‌లో మా తమ్ముడి దగ్గర ఉంటుంది. రోజూ పొద్దున ఫోన్‌లో మాట్లాడుకుంటాం. కథంతా పూసగుచ్చినట్టు చెప్పి, "సూసినవా అమ్మా, ఎంత దొంగలో" అన్నాను. అనుమానంలో అమ్మ నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. తక్కెడ కింద చింతపండు అంటించాడేమోనని కూరగాయలవాడి తక్కెడ తిరగేసి చూసే మనిషి. డాక్టర్ల ఏడు తరాలనూ తిడుతుందనుకున్నాను.

"అమ్మా, ఉన్నవా?"

"ఉన్న."

"ఏమంటవు మరి?"

"కొయ్యకుంటే ఏమైతదన్నడు బిడ్డా డాక్టరు?"

"ఏమైతది? లేనిదానికి ఏమైతది?"

"జర అడుగు," అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడూ అదే ప్రశ్న. ఆ మర్నాడూ అంతే. దొంగకు తేలు కుట్టినట్టుంది ఆమె వరస. నాకు అనుమానం రాకుండా ఉంటుందా? వచ్చింది, కానీ తప్పు దిక్కున వచ్చింది. తమ్ముడితో ఏదో గొడవైంది, మా ఇంటికి వచ్చి ఉండాలనుకుంటోంది, అడగలేక నా కడుపు మీద నెపం పెట్టి నసుగుతోంది అనుకున్నాను. తమ్ముడికి ఫోన్ చేసి ఊరికే నాలుగు మాటలు అన్నాను. వాడు బిత్తరపోయాడు.

డాక్టరు బండారం బయటపెట్టాలంటే ఇంకో రిపోర్టు కావాలి. వేరే దవాఖాన నుంచి చీటీ రాయించుకొని, చైతన్యపురిలో హాస్టళ్ల సందులో ఉన్న ఇంకో స్కానింగ్ సెంటర్‌కు వెళ్లాను. పాత రిపోర్టు చూపించలేదు. పాత ఆపరేషన్ ఊసెత్తలేదు. సాయంత్రానికి కాగితం చేతికొచ్చింది. మాటలు వేరు, సంగతి అదే. అపెండిక్స్ ఉంది, జిగురుతో నిండి ఉంది. కుడి అండాశయం లేదు.

మెట్రో ఎక్కకుండా ఇంటి దాకా నడిచాను. అందరూ ఒక్క తానులో ముక్కలే అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఈసారి ఆ మాటలో పస లేదు. ఒకరినొకరు ఎరగని ఇద్దరు, ఒక అబద్ధాన్ని అచ్చం ఒకేలా ఎలా ఆడతారు?

రెండు రోజుల తర్వాత రెండు రిపోర్టులూ డాక్టరు బల్ల మీద పెట్టి, "నా ఫైలు మొదటి పేజీ సదువుండ్రి సార్" అన్నాను.

ఆయన చదివాడు. "అపెండిక్స్ తీసేశారని రాసుందండి."

"మరి?"

"ఇది నేను చూసి రాసింది కాదమ్మా. మీరు చెప్తే రాసుకున్నాను. తీసేశారని మీకెవరు చెప్పారు?"

"మా అమ్మ."

"డిశ్చార్జి కాగితం ఏమైనా ఉందా?"

లేదు. వంద గ్రాముల అల్లం కొన్నా తూకం రెండోసారి చూసేదాన్ని, నా ఒంట్లోంచి ఏం తీశారో చెప్పే కాగితం ముప్ఫై ఏళ్లలో ఒక్కసారీ అడగలేదు. అమ్మ చెప్పింది కదా, ఇంక కాగితమెందుకు?

ఆయన చీటీ వెనక బొమ్మ గీసి చెప్పాడు. పెద్దపేగు మొదట్లో తోకలా వేలాడేది అపెండిక్స్. దాని నోరు మూసుకుపోయి లోపల జిగురు నిండుతోంది. నాలాంటి పేగు జబ్బున్నవాళ్లలో, పేగు కోసం వెతుకుతుంటే ఇలాంటి అరుదైనవి ఎప్పుడో ఒకటి బయటపడతాయట. ఆయన తన అనుభవంలో మూడే చూశాడట. మామూలు ఉబ్బా, క్యాన్సర్ వైపు పోయే రకమా అన్నది తీసి పరీక్షకు పంపితేగానీ తెలియదు. నొప్పి ఉండదు, అదే చిక్కు. పగిలిందా, జిగురు కడుపంతా పాకుతుంది. అప్పుడు దాన్ని తీయడం మహా కష్టం.

"మీవాళ్లు అనే ఇరవై నాలుగు గంటల తొందర లేదండీ. కానీ నెలలు ఆగొద్దు," అన్నాడు.

"మరి అండాశయం సంగతేంది సార్?"

ఆయన పెన్ను మూత పెట్టాడు. "అది మీ అమ్మగారినే అడగండమ్మా."

నేను అడగలేదు. పదకొండు రోజులు అడగలేదు. పొద్దున ఫోన్‌లో కూరల గురించి, మనవళ్ల గురించి మాట్లాడుకున్నాం. ఆమె అడగడం మానేసింది, నేను చెప్పడం మానేశాను. ఆపరేషన్ తేదీ చెప్పమని దవాఖాన నుంచి ఫోన్ వస్తే ఎత్తలేదు. లోకంలో అందర్నీ అనుమానించడం నాకు చాలా తేలిక. అమ్మను అనుమానించడం చేతకాలేదు. మెట్లు దిగుతున్నా, బిందె ఎత్తుతున్నా కుడివైపు చెయ్యి పోయేది. లోపల అది నిండుతూనే ఉందని తెలుసు. భయమేసేది. అయినా ఫోన్ ఎత్తలేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం, పెళ్లిళ్ల సీజన్‌లో కొట్టు కిటకిటలాడుతుంటే, గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. చేతిలో సంచి లేదు. ఒక్కతే బస్సెక్కి వచ్చింది. సేఠ్ ఇటే చూస్తున్నాడని ఆమెను బయటికి తీసుకొచ్చాను. గాజుల బండి పక్కన ఎండలో నిలబడ్డాం.

"ఆపరేషన్ జేయించుకో బిడ్డా," అంది.

"లేనిదానికి ఆపరేషనేందమ్మా?"

"ఉన్నది."

ఆ ఒక్క మాట చెప్పి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు, నాకు మాత్రం గాజుల బండి దగ్గర తెలిసింది.

"ఇరవై నాలుగు గంటలదే అనుకొని కోసిండ్రు," అంది. "తీరా జూస్తే అపెండిక్స్ మంచిగనే ఉన్నదట. పక్కన అండాశయం మెలి వడి నల్లగైందట. గది తీసేసిండ్రు. నన్ను లోపటికి పిలిచి ట్రేల వెట్టి జూపిచ్చిండ్రు. నేరేడుపండు లెక్కుండె. ఇంకోటున్నదమ్మా, పిల్లలైతరు, భయపడకు అన్నది డాక్టరమ్మ. నేను ఊరికి వొయ్యి ఏమని జెప్పాలె? పద్నాలుగేండ్ల పిల్లకు పిల్లలయ్యేది కోసిండ్రంటే లగ్గమైతదా? మచ్చ సూస్తే అందరడుగుతరు. ఇరవై నాలుగు గంటలదని జెప్పిన. గది ఎవలికైనా అయితది గదా. ఎవలేమనరు."

"నాయినకు?"

"జెప్పలే. ఆయన సచ్చేదాంక గట్లనే అనుకున్నడు."

"నాకిద్దరు పుట్టినంకనన్న జెప్పొద్దా?"

"ఇద్దరు పుట్టినంక ఇగ జెప్పుడెందుకనుకున్న."

నాకు కోపం వచ్చింది. ఎంత కోపమంటే, ఆ గాజుల బండి మీద చెయ్యి ఆనించి ఉండకపోతే ఏమనేదాన్నో. "ఎన్ని దవాఖానల్ల గీ అబద్ధం జెప్పిన్నో ఎరుకేనా నీకు? గా డాక్టరును దొంగన్న. ఇల్లు మొత్తం దొంగన్నది. నేను నీ మాట వట్టుకొని సచ్చేదాన్నమ్మా."

"గందుకే వచ్చిన," అంది. తర్వాత గొంతు తగ్గించి, "అల్లునికి మాత్రం జెప్పకు బిడ్డా. ఆయనకు నా ముఖమెట్ల జూపియ్యాలె," అంది.

నేను కొట్లోకి వెళ్లిపోయాను. ఆమె ఒక్కతే బస్సెక్కి వెళ్లింది. ఆ మధ్యాహ్నం ఒకామెకు మీటరు గుడ్డ అడిగితే ముప్పావు మీటరే కోసిచ్చాను. పదమూడేళ్లలో అదే మొదటిసారి.

డాక్టరుకు ఫోన్‌లో అంతా చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు, తేదీ ఇచ్చాడు. ఇంట్లో మాత్రం, రెండో స్కాన్‌లోనూ వచ్చింది కదా, చేయించుకుంటానని అన్నానంతే. అమ్మ మాట నిలబెట్టాలని కాదు. నేనే ఎలా చెప్పాలో తెలియక. ఇప్పుడు అనుమానం మా ఆయన వంతైంది.

"నువ్వేనా మాట్లాడేది? నీకు ఎవలో మందు వెట్టిండ్రు," అన్నాడు. నేను బజార్లో టమాటాలను చూసినట్టు నన్ను నాలుగు పక్కలా తిప్పి చూశాడు. "ఏదో దాస్తున్నవే నువ్వు."

"ఏం లేదయ్యా," అన్నాను. అబద్ధం ఇంత తేలిగ్గా నోటికొస్తుందని నాకు అప్పుడు తెలిసింది.

ఆపరేషన్ రోజు పొద్దున అమ్మ మాకంటే ముందే దవాఖానకు వచ్చి వరండాలో కూర్చుంది. నేను పలకరించలేదు. గదిలోకి నర్సు అట్ట, కాగితం పట్టుకొని వచ్చింది. మా ఆయన కిటికీ దగ్గర, అమ్మ తలుపు దగ్గర నిలబడ్డారు. పేరు, వయసు, షుగరు, బీపీ. తర్వాత ఆ ప్రశ్న రానే వచ్చింది.

"ఇంతకుముందు ఏమైనా ఆపరేషన్ అయిందామ్మా?"

డాక్టరుకు తెలుసు. ఈ కాగితంలో ఏం రాసినా కొంప మునగదు. అపెండిక్స్ అనే మాట అలవాటుగా నాలుక చివరికి వచ్చేసింది. అపెండిక్స్ తీసే ఆపరేషన్‌కు కాగితం రాస్తున్న నర్సుకే ఆ మాట చెప్పబోతున్నానని తెలిసి ఆగిపోయాను. నిజం చెబుదామంటే మా ఆయన ఇటే చూస్తున్నాడు. నర్సు పెన్ను పట్టుకొని ఎదురుచూస్తోంది.

"అయింది," అని తలుపు దగ్గర నుంచి అమ్మ అంది. "రాసుకో బిడ్డా. పద్నాలుగేండ్లప్పుడు కుడిదిక్కు అండాశయం తీసిండ్రు. అపెండిక్స్ గాదు. నేనే అబద్ధం జెప్పిన, గీ పిల్లకు గూడ."

ముప్ఫై ఏళ్లు దాచింది, అల్లుడి ముందు, పరాయి మనిషి ముందు, కాగితం మీదికి ఎక్కేలా నిదానంగా చెప్పింది. మా ఆయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు.

"రాసుకున్నవా సిస్టర్?" అన్నాడు. నర్సు తల ఊపింది. "పా అత్తమ్మా, చాయ్ తాగొద్దాం. పొద్దుగాల్నుంచి ఏం తిన్నట్టు లేవు." ఇద్దరూ వరండాలోకి నడిచారు. నాకు ఏడుపొచ్చింది. నర్సు భయమనుకొని నా భుజం తట్టింది.

బయాప్సీ సంగతి ముందే చెప్పేస్తాను, మీరు పరేషాన్ కావద్దు. క్యాన్సర్ వైపు పోయే రకమే, కానీ పోలేదు. పగలకుండా, దేనికీ అంటకుండా వచ్చేసింది. ఏడాదికోసారి స్కాన్ చేయించుకుంటే చాలన్నాడు డాక్టరు. ఇప్పుడు ఆయన్ను ముప్పావు వంతు నమ్ముతున్నాను.

నాకు స్పృహ వచ్చేసరికి అమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. తీసినదాన్ని చూపించడానికి లోపలికి ఒకరిని రమ్మంటే మా ఆయన లేచాడట. "నువ్వు కూసో అయ్యా, నేను జూస్త" అని అమ్మే వెళ్లిందట. మా ఆయన తలుపు దగ్గర ఆమె వెనకే నిలబడి ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడట.

అమ్మ వంగి నా చెవి దగ్గరికి వచ్చింది. "ఈసారి నిజంగనే ఇరవై నాలుగు గంటలది బిడ్డా. నా కండ్లతోని జూసిన," అంది.

మా ఆయన ఫోన్ నా ముఖం ముందుకు పెట్టాడు. "నువ్వు నమ్మవని తీసిన. జూస్కో."

నేను ఫోన్‌ను పక్కకు జరిపాను.

"ఒద్దయ్యా. అమ్మ జూసింది గదా," అన్నాను.